విజ్ఞానవిద్యార్థికి తొలి కంప్యూటరు భాష



ఇంటర్మీడియెట్ పరీక్షాఫలితములు వెలువడిన నాలుగవనాడు పాకాల ప్రాంతపు రైతొకరు మా యింటికి వచ్చి అరుగుమీద కూర్చుండిరి. వారు నాకంటె నాలుగైదేండ్లు పెద్దవారు. వారి కుమారుడు నాయొద్ద చదివినవాడే. ఇప్పుడు మనుమరాలు భౌతికశాస్త్రము తీసికొని విశ్వవిద్యాలయమున చేరబోవుచున్నది. మంచినీళ్లు త్రాగి, కండువాతో మొగము తుడుచుకొని, ఆయన యడిగిన మాట యిది:

“అయ్యవారూ, మా పాప సైన్సు సదవతాదంట. కాలేజీకి పోయేలోపలే కంప్యూటరు బాస వచ్చుండాలని చెప్తా ఉండారు. టవున్లో నాలుగు బాసలు మూడు నెలల్లో నేర్పిస్తామని ముప్పైవేలు అడిగినారు. పాలిచ్చే ఆవును అమ్మితే ఆ దుడ్డు వస్తాది. అమ్మమంటారా?”

నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. రెండు దినములు గడువడిగితిని. అడుగుటకు కారణము కలదు. అది తరువాత చెప్పెదను. పదవీవిరమణానంతరము ఈ భాషలలో ఒకటి నేనును కొంత నేర్చుకొంటిని. నా పూర్వశిష్యులలో విజ్ఞానశాస్త్రములు బోధించువారు, పరిశోధించువారు కొందరు కలరు. వారినందరిని విచారించి, నా బుద్ధికి తోచినదియు కలిపి, ఆ రైతుగారికి చెప్పిన సంగతులనే యిప్పుడు మీకును విన్నవించుచున్నాను. మీ యిండ్లలోను ఈ ప్రశ్న నేడో రేపో పుట్టకమానదు.

మొదట ఒక భ్రమ తొలగవలెను. కంప్యూటరు భాషయనగా హైదరాబాదులోనో బెంగుళూరులోనో సాఫ్ట్‌వేరు ఉద్యోగమునకు పోవువారి విద్యయని మనవారి తలంపు. భౌతికము, రసాయనము, జీవశాస్త్రము చదువు పిల్లకు అదెందుకని మీరడుగుదురు. దీనికి సమాధానము మనకు దూరమున లేదు. తిరుపతినుండి చిత్తూరునకు బోవు దారిలో గాదంకి కలదు. అచ్చట జాతీయ వాతావరణ పరిశోధనశాలవారి రాడారు ఒకటి యున్నది. మైదానమున వరుసకు 32 చొప్పున 32 వరుసలుగా 1024 ఆంటెనాలు నిలిపినారు. అవి ఆకాశమునకు రేడియో తరంగములను పంపి, మీదనుండి తిరిగివచ్చు మిక్కిలి సన్నని ప్రతిధ్వనిని పట్టుకొనును. ఆ ప్రతిధ్వనినిబట్టి ఇరువది కిలోమీటర్ల యెత్తువరకు గాలి యేదిక్కునకు ఎంత వేగముతో వీచుచున్నదో తెలిసికొందురు. అయితే ఆ రాడారు “గాలి పడమటినుండి వీచుచున్నది” అని నోటితో చెప్పదు. అది యిచ్చునవి అంకెలు. గంటగంటకు రాశులుగా కుప్పపడు అంకెలు. వానిని చేతితో కూడి తీసివేసి హెచ్చవేయుటకు ఒక మనుష్యుని యాయువు చాలదు. కనుక ఆ పని యంత్రముచేత చేయింపవలెను. యంత్రమునకు పని చెప్పుటకు భాష కావలెను. మా కాలమున భౌతికశాస్త్ర విద్యార్థికి లాగరిథముల పట్టిక ఎట్టిదో, నేటి విద్యార్థికి ఈ భాష అట్టిది.

తిరుపతిలో 1954లో వెలసిన శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయము కలదు. 2015లో ఐ.ఐ.టి.యు, ఐసర్ అను విజ్ఞానవిద్యాసంస్థయు వచ్చినవి. సుళ్లూరుపేటకు ఆవల శ్రీహరికోట యున్నది. అది 2022నుండి తిరుపతి జిల్లాలోనిదే. విజ్ఞానమును చదువదలచిన పల్లెపిల్లకు ఇంత దాపున ఇన్ని ద్వారములు మన తరమున లేవు. కాని మన పల్లెపిల్లలలో పెక్కురు ఇంటర్మీడియెట్ ముగించునప్పటికి ఒక్క కంప్యూటరు భాషయొక్క ముఖమైనను చూచియుండరు. పట్టణములలో కేంద్రీయపాఠ్యక్రమమున చదువువారికో, పదునొకండవ తరగతిలోనే కంప్యూటరు శాస్త్రమును ఎన్నుకొను వీలున్నది. ఆ పట్టణపు పిల్ల ప్రక్కన మన పిల్ల మొదటినాడు కూర్చుండి తెల్లబోవును. ఆ తెల్లబోవుటయే చదువునకు గొడ్డలిపెట్టు.

ఇక భాషయన నేమో చూతము. యంత్రమునకు తెలిసినవి రెండే గుర్తులు, ఉన్నది, లేనిది. వానినే ఒకటి, సున్న యని వ్రాయుదురు. ఛందస్సు చదివినవారికి ఇది క్రొత్త గాదు. గురువు, లఘువు అను రెండింటిని తారుమారు చేసి ప్రస్తారము వేసినచో, పాదమునకు పదియక్షరములున్న పంక్తి ఛందమున 1024 వృత్తములు పుట్టునని మనము బాల్యముననే వల్లించితిమి. రెండు గుర్తులతో ఎంత ప్రపంచమునైనను వ్రాయవచ్చుననుటకు అంతకంటె సాక్ష్యమేల? అయితే గురులఘువులు పేర్చుకొనుచు ఎవడును సంభాషింపలేడు. మొదటి దినములలో యంత్రముతో పని చేయించువారు అట్టి కష్టమే పడిరి. 1957లో అమెరికాలో ఐ.బి.యం. కంపెనీయందు జాన్ బాకస్ అనునతడును అతని సహచరులును ఫోర్ట్రాన్ అను భాషను వెలువరించిరి. గణితసూత్రమును ఇంచుమించు కాగితముపై వ్రాసినట్లే వ్రాయవచ్చును. దానిని గురులఘువులలోనికి మార్చుపని యంత్రమే చూచుకొనును. అప్పటినుండి ఇట్టి భాషలు వందలకొలది పుట్టినవి.

బాకస్ పేరు వచ్చినది గనుక ఒక మాట. కంప్యూటరు భాషల వ్యాకరణమును సూత్రములుగా వ్రాయుటకు ఆయన ఏర్పరచిన పద్ధతిని పీటర్ నౌర్ అను డెన్మార్కు విద్వాంసుడు సంస్కరించి వాడెను. ఆ రీతి పాణినికి పూర్వమే తెలిసినది కావున దానికి పాణిని పేరుకూడ చేర్చవలెనని 1967లో ఇంగర్‌మన్ అను నాయన ఒక శాస్త్రపత్రికకు లేఖ వ్రాసెను. ఇది నిజము, వినుటకు సంతోషమే. కాని దీనికి తోక యొకటి తగిలించి, కంప్యూటరునకు అన్నిటికంటె తగినది సంస్కృతమేయనియు, అమెరికావారు సంస్కృతములో ప్రోగ్రాములు వ్రాయుచున్నారనియు సభలలో చెప్పువారు కలరు. నేనును సంస్కృతము చదివినవాడనే. ఆ మాటకు మూలము 1985లో రిక్ బ్రిగ్స్ వ్రాసిన వ్యాసము. మన శాస్త్రకారులు వాక్యార్థమును విడదీసి చెప్పు విధము, యంత్రమునకు అర్థము బోధించుటకై తమవారు కల్పించుకొన్న విధమును పోలియున్నదని మాత్రమే ఆయన తాత్పర్యము. సంస్కృతము వచ్చినంతమాత్రమున మీ మనుమరాలికి కంప్యూటరు భాష రాదు. ఒక భాషను సూత్రబద్ధముగా చూచు నలవాటు మాత్రము అక్కరకు వచ్చును. అంతవరకే.

ప్రకృతమునకు వత్తము. ఏ భాష మొదట నేర్వవలెను? నేను చెప్పునది పైథాన్ అను భాష. పేరు విని భయపడకుడు. ఆంగ్లమున ఆ మాటకు కొండచిలువయని యర్థమున్నను, దీనికాపేరు వచ్చినది ఇంగ్లండులోని మాంటీ పైథాన్ అను హాస్యనటుల బృందమునుబట్టి. హాలండు దేశస్థుడైన గీడో వాన్ రోసమ్ 1989లో క్రిస్మసు సెలవులలో దీనిని ప్రారంభించి 1991లో లోకమునకిచ్చెను. ఇచ్చెననుటలో అర్థమున్నది. దీనికి వెల లేదు. ఎవరైనను తెచ్చుకొనవచ్చును, ఎందరికైనను పంచవచ్చును.

దీనినే ఏల చెప్పుచున్నాననగా, అందరకు తెలిసిన ఉదాహరణము నొకదానిని చూడుడు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి ఒకడు పదివేలు అప్పు తీసికొనెను. మూడేండ్లవరకు పైసయైన చెల్లింపలేదు. బారువడ్డీయైనచో వడ్డీ 7,200, మొత్తము 17,200 రూపాయలు. ఇది నోటిలెక్క. అప్పిచ్చినవాడు వడ్డీని నెలనెలకు అసలులో కలుపుకొనుచు పోయినచో? ముప్పదియారు మారులు హెచ్చవేయవలెను. పైథాన్‌లో దీనికి నాలుగు పంక్తులు చాలును. మొదటి పంక్తిలో అసలు పదివేలని వ్రాయుదుము. రెండవ పంక్తిలో, క్రిందిపనిని ముప్పదియారు మారులు చేయుమని చెప్పుదుము. మూడవ పంక్తిలో, అసలును 1.02తో హెచ్చించి మరల దానినే అసలనుకొమ్మని చెప్పుదుము. నాలుగవ పంక్తిలో ఫలితమును చూపుమందుము. కనుఱెప్ప వేయులోపల 20,398 రూపాయల 87 పైసలని తెరమీద పడును. యేడాదికొకమారు కలిపినచో 19,066 రూపాయల 24 పైసలే. అసలు, వడ్డీరేటు, కాలము ఒక్కటే. ఎప్పుడు కలిపిరన్నదానిలో పదుమూడువందల ముప్పదిరెండు రూపాయల భేదము! రైతుగారికి దీనిని చూపినప్పుడు ఆయన చాలసేపు ఆ తెరను చూచుచు కూర్చుండి, తాను ఎన్నడో తీర్చిన యప్పు నొకదానిని లెక్కవేసి చూపుమని మనుమరాలిని కోరెను. ఆమె చూపినది. ఆయన అంకె విని యేమియు మాటాడలేదు.

ఇందు గమనింపవలసినది, బిడ్డ మొదటినాడే తనకు కావలసిన ప్రశ్నకు సమాధానము రాబట్టగలిగినది. ఇదే లెక్కను సి యను భాషలో వ్రాయవలెననుకొనుడు. ఆ భాషను 1972 ప్రాంతమున డెనిస్ రిచీ అమెరికాలో నిర్మించెను. గొప్ప భాష. యంత్రముల లోపల నడచు పనిలో ఎంతో భాగము నేటికిని దానిమీదనే నిలిచియున్నది. కాని మొదట దానికి ఫలానా సామగ్రి తెమ్మని చెప్పవలెను. తరువాత ముఖ్యభాగము ఇదియని కుండలీకరణము తెరవవలెను. అసలు అనునది పూర్ణాంకమా, దశాంశములు కలదా యని ముందుగా ప్రకటింపవలెను. అచ్చట పొరపాటున పూర్ణాంకమని ప్రకటించితిరా, నెలనెలకు వచ్చు పైసలన్నియు రాలిపోవును. తప్పు చేసితివని యంత్రము సామాన్యముగ చెప్పదు, తప్పు లెక్క చూపి యూరకుండును. ప్రతి యాజ్ఞకు చివర ఒక చుక్కకామా పెట్టవలెను. ఒకటి మరచినచో అంతయు నిలిచిపోవును. ఇన్ని గడపలు దాటిన తరువాత గాని వడ్డీలెక్క రాదు. ఈ కట్టుబాట్లు వృథా గావు, యంత్రము లోపల నేమి జరుగునో అవి నేర్పును. రెండవయేట నేర్వదగినవి. మొదటివారమున మాత్రము అవి బిడ్డకు శాస్త్రమును మరపించును.

గడువడిగిన కారణమును ఇప్పుడు చెప్పవలెను. కొన్ని యేండ్ల క్రిందట నా శిష్యుడొకడు ఇదే ప్రశ్న నన్నడిగెను. లెక్కలలో దిట్ట. రసాయనశాస్త్రమున డిగ్రీ చదువవలెనని వాని కోరిక. నాకప్పటికి ఈ విషయమున ఏమియు తెలియదు. తెలియదని చెప్పుటకు బదులు, పట్టణమున అందరు చెప్పుకొనుచున్నమాటనే నేనును చెప్పితిని: “సి నేర్చుకొనుము, అదే పునాది” యని. వాడొక శిక్షణాలయమున చేరెను. ఎనిమిదవ పాఠమునకు చిరునామాల ప్రకరణము వచ్చినది. ఒక వస్తువు కాక, ఆ వస్తువున్న చోటును గుర్తించు సంకేతము, ఆ సంకేతమున్న చోటును గుర్తించు మరియొక సంకేతము, ఇట్లు చిక్కుపడు ప్రకరణమది. చెప్పువారు తొందరలో నుండిరి. వాడు అడుగుటకు సిగ్గుపడెను. “నాకీ తెలివి లేదు అయ్యవారూ” అని వచ్చి చెప్పి, కంప్యూటరుతోపాటు సైన్సునుగూడ విడిచెను. ఇప్పుడు వ్యాపారము చేసికొని సుఖముగనే యున్నాడు. నన్ను చూచిన నమస్కరించును. కాని వాని తెలివికి లోపములేదు. లోపము నా సలహాలోనిది. అది నాకు తెలియుటకు నేనా విద్యలో కొంత దిగవలసివచ్చినది.

మనము సంస్కృతము మొదలుపెట్టినప్పుడు గురువులు అష్టాధ్యాయిని చేతికియ్యలేదు. శబ్దమంజరి నిచ్చి రామశబ్దమును వల్లెవేయించిరి. రామశబ్దము నోటికి వచ్చిన తరువాత కృష్ణుడు, వృక్షము, గ్రామము ఎవరును నేర్పనక్కరలేదు. కంప్యూటరు భాషలలోను అట్టి రామశబ్దములు నాలుగైదున్నవి: ఒక విలువకు పేరుపెట్టుట, ఒక పనిని పలుమారులు చేయించుట, ఇట్లున్న ఇది చేయుము లేకున్న అది చేయుమనుట, అంకెలను వరుసగా నిలుపుకొనుట, ఒక చిన్నపనికి పేరుపెట్టి కావలసినప్పుడెల్ల పిలుచుట. ఇవి ఒక భాషలో నిలుకడగ వచ్చినయెడల, తక్కిన భాషలలో ఇవే వేరు వేషములతో కనబడును. నాలుగు భాషలు మూడు నెలలలో నేర్చిన బిడ్డకు నాలుగింటి యక్షరములు తెలియును, ఏ భాషలోను వాక్యము నడవదు.

ఆంగ్లమన్న బెంగ నాకు మిక్కిలిగ వినబడుచున్నది. తెలుగుమాధ్యమమున చదివిన బిడ్డకు ఈ విద్య యబ్బునాయని. పైథాన్ భాషలో మార్చరాని నిర్ణీతపదములు నేడు 35 మాత్రమే. ఇఫ్, ఎల్స్, ఫర్, వైల్, ఆండ్, ఆర్, నాట్ ఇటువంటివి. ఆరవతరగతి బిడ్డకు వీనిలో సగము తెలిసియేయుండును. వీనికితోడు ప్రింట్ మొదలైన పేర్లు మరికొన్ని అభ్యాసమున వచ్చును. ఇంకొక విశేషము. విలువలకు మనము పెట్టుకొను పేర్లు తెలుగు లిపిలోనే వ్రాయవచ్చును. “అసలు” అని తెలుగున వ్రాసి, దానికి ఎదుట పదివేలని వ్రాసినచో యంత్రము కిక్కురుమనక స్వీకరించును. అంకెలు మాత్రము ఇంగ్లీషువే యుండవలెను. మా యింట నేను మొదట వ్రాసిన ప్రోగ్రాములన్నియు ఇట్లే వ్రాసితిని. కాని కళాశాలకు పోయిన పిమ్మట ఇతరులును చదువవలయును గనుక ఆంగ్లాక్షరములకు మారుట మేలు. మొదటి రెండుమూడు వారములు బెదురు తీరువరకు తెలుగుపేర్లు మంచివి.

నిజమునకు ఆంగ్లము అడ్డుపడునది వేరొకచోట. తప్పు వ్రాసినప్పుడు యంత్రము చూపు దోషవాక్యము ఆంగ్లమున నుండును. పిల్లలు అది చూచి బెదరి, చదువకుండగనే చెరిపివేయుదురు. దాని చివరి పంక్తిని మాత్రము నిదానముగ చదువుమని చెప్పుడు. తప్పు ఏజాతిదో అందుండును. పై పంక్తులలో అది యేచోట నున్నదో యుండును. పది దోషములు ఇట్లు చదివినబిడ్డ పదునొకండవదానికి వెరవదు.

పైథాన్ సులభమగుటచేత చిన్నపిల్లల యాటవంటిదని తలపరాదు. అంకెల పట్టికలను వేగముగ గణించుటకు నంపై, గీతలు గీయుటకు మాట్‌ప్లాట్‌లిబ్ అను ఉపకరణసంపుటములు దానికి చేరియున్నవి. అవియు ఉచితములే. 2015లో అమెరికాలోని లైగోవారు గురుత్వతరంగములను తొలిసారి పట్టుకొనిరి. ఆ కొలతలను తరువాత లోకమునకంతకు ఉచితముగ విప్పి, పైథాన్‌తో వానిని పరిశీలించుటకు పాఠములుగూడ ప్రకటించిరి. 2019లో వెలువడిన కృష్ణబిలపు తొలి ఛాయాచిత్రమును కూర్చుటయందును ఈ భాషలోని ఉపకరణములు పనిచేసినవి. అనగా పాకాల దగ్గర పల్లెలో కూర్చున్న బిడ్డ, పెద్దశాస్త్రజ్ఞులు ముట్టిన యంకెలనే ముట్టి, వారు వాడిన జాతి పనిముట్లతోనే చూడవచ్చును.

తక్కిన భాషల సంగతి సంగ్రహముగ చెప్పెదను. ఫోర్ట్రాన్ చచ్చినదని కొందరందురు. వాతావరణమును ముందుగ లెక్కగట్టు పెద్ద ప్రోగ్రాములు నేటికిని పెక్కు దానిలోనే యున్నవి. ఆదారిని పోవు విద్యార్థి తరువాత నేర్చుకొనును. ఆర్ అను భాషను 1990 తరువాత న్యూజీలండులో గణాంకశాస్త్రమునకై నిర్మించిరి. జీవశాస్త్రము చదువువారికి రెండవభాషగ మంచిది. జావా 1995నాటిది, వాణిజ్యపు పనులలో విస్తారము. విజ్ఞానవిద్యార్థికి తొలిభాషగ దాని యవసరము నాకు కనబడదు. జూలియా 2012లో వచ్చినది. వేగమున మేటియని చెప్పుదురు గాని, సందేహము వచ్చినప్పుడు అడుగుటకు మన ప్రాంతమున ప్రక్కవాడు దొరకుట కష్టము. తొలిభాషకు ప్రక్కవాడు దొరకుట చిన్న లక్షణము గాదు.

ఆలస్యమైనదని చింతించువారికి మన కాటూరు సంగతి చెప్పెదను. పూర్వపు చిత్తూరు జిల్లాలోని కాటూరు గ్రామమున 1937లో పుట్టిన రాజ్ రెడ్డిగారు 1958లో మదరాసు గిండీ కళాశాలయందు ఇంజనీరింగు పట్టము పుచ్చుకొనిరి. అది కట్టడములకు సంబంధించిన చదువు. కంప్యూటరు గాదు. ఆస్ట్రేలియాలో పై చదువు చదివి, పిదప అమెరికాలో స్టాన్‌ఫర్డునందు జాన్ మెకార్తీగారి శిష్యులై 1966లో డాక్టరు పట్టమునొందిరి. మెకార్తీగారు లిస్ప్ అను భాషను నిర్మించినవారు. రెడ్డిగారు యంత్రముచేత మనుష్యుని మాటను గ్రహింపజేయు విద్యలో పాటుపడి, 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్ గారితో కలసి ట్యూరింగు బహుమానమును పొందిరి. కంప్యూటరు శాస్త్రమున అంతకుమించిన బహుమానము లేదు. ఆసియావాసులలో దానిని మొదట పొందినవారాయనయే. పల్లెనుండి బయలుదేరి, ఇరువదియేండ్లు దాటిన పిమ్మట ఈ విద్య నందుకొన్నవారు. పదునెనిమిదేండ్ల బిడ్డకు ఆలస్యమెక్కడిది?

ఈ మధ్య మరియొక యాక్షేపము వినబడుచున్నది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడినది మొదలు, ప్రోగ్రాములను యంత్రమే వ్రాసిపెట్టుచున్నది గదా, ఇక బిడ్డ నేర్వనేల యని. వ్రాసిపెట్టుమాట నిజమే. నేనును అడిగి చూచితిని. వడ్డీలెక్క చక్కగ వ్రాసినది. కాని నెలకొకమారా, యేడాదికొకమారా యని నేను స్పష్టముగ చెప్పనప్పుడు, తనకు తోచినట్లు ఒకటి యెంచుకొనెను. పదుమూడువందల రూపాయల తేడా అచ్చటనే యున్నది. ఒకడు వ్రాసిన పత్రముమీద చదువురాక వేలిముద్ర వేసినవారి కథలు మన గ్రామములలో అందరికి తెలియును. చదువగలిగిన బిడ్డ అదే యంత్రమును మంచి గుమాస్తాగ వాడుకొనగలదు. మొదటి రెండు నెలలు మాత్రము దానిని దూరముగ నుంచి, తప్పులు తానే చేసి తానే దిద్దుకొనవలెనని నా యభిప్రాయము.

ఇక ఖర్చు. మూడు భాషలు, నాలుగు భాషలని యోగ్యతాపత్రములిచ్చు చోటులకు ఆవులను అమ్మి కట్టనక్కరలేదు. ఐ.ఐ.టి.ల యధ్యాపకుల పాఠములు ఎన్.పి.టి.ఇ.ఎల్., స్వయం అను ప్రభుత్వసహాయ పీఠములలో ఉచితముగ వినవచ్చును. పరీక్ష వ్రాసి పత్రము కావలెననువారు మాత్రమే రుసుము కట్టవలెను. బొంబాయి ఐ.ఐ.టి. వారి స్పోకెన్ ట్యుటోరియల్ పాఠములు కొన్ని తెలుగుమాటలతోగూడ కలవు. మంచి గురువు చెంతనుండి నేర్పువాడు దొరికినచో ఆయనకు రుసుమిచ్చుట తప్పుగాదు. ఒక్క భాషను ఎన్ని నెలలు చెప్పుదురు, వారమునకు ఎన్ని గంటలు బిడ్డ స్వయముగ వ్రాయును, ఈ రెండు ప్రశ్నలడుగుడు. రెండవదానికి నసిగినచో లేచి రండు.

చేతిఫోనులో అభ్యాసము జరుగునాయని యడుగుదురు. జరుగును గాని, పది పంక్తులు దాటిన వ్రేళ్లు నొచ్చును, బుద్ధి చెదరును. పాత ల్యాప్‌టాపైనను చాలును. క్రొత్తది కొననక్కరలేదు. పుస్తకము కొనునప్పుడు ఒక జాగ్రత్త కావలెను. పైథాన్‌లో రెండవతరము, మూడవతరము అని కలవు. మూడవది 2008లో వచ్చినది. రెండవదానికి పోషణ 2020 జనవరి 1తో నిలిచిపోయినది. పాతపుస్తకముల యంగళ్లలో రెండవతరపు పుస్తకములు చౌకగ దొరకును. వానిని కొనకుడు. ఏడును రెండుతో భాగింపుమనగా రెండవతరము మూడు అని చెప్పును, మూడవతరము మూడున్నర యని చెప్పును. ప్రయోగశాలలో లెక్క వేయు బిడ్డకు ఆ యర యెంత ముఖ్యమో చెప్పనక్కరలేదు. పుస్తకమును తెరచి, ప్రింట్ అనుమాట ప్రక్కన కుండలీకరణములున్నవో లేవో చూడుడు. లేనిచో అది పాతది.

రైతుగారు ఆవును అమ్మలేదు. బంధువులయింట వాడక మూలబడియున్న ల్యాప్‌టాపు నొకదానిని తెచ్చి బాగుచేయించిరి. ఆ బాలిక ప్రతిదినము ఉదయము పాలు పోసివచ్చిన తరువాత రెండుగంటలు కూర్చుండును. పాలకేంద్రమువారు వెన్నశాతమునుబట్టి వెల కట్టుదురు గనుక, ఇంటి పాలపుస్తకములోని యంకెలన్నియు ఎక్కించి, ఏ మేతకు వెన్న పెరిగినదో గీత గీయవలెనని మొదలుపెట్టినది. గీత యింకను సరిగ రాలేదట. తేదీలను వ్రాసిన తీరులో ఎక్కడనో తప్పున్నదని చెప్పి, వచ్చు ఆదివారము పుస్తకము తీసికొని మా యింటికి వచ్చెదనన్నది.